నిప్పు తగలని భోజనం

మా అత్త వెంకటసుబ్బమ్మ అన్నం మానేసి నెల దాటింది. ఉపవాసం కాదు, మొక్కు కాదు, ఒంట్లో బాగాలేక అంతకన్నా కాదు. ఒట్టు. "ఈ ఇంటి పొయ్యి మీద ఉడికింది ఏదీ నా నోట పెట్టను" అని గడపలో నిలబడి అనేసింది, అంతే. ఆ మాట అని నేరుగా వంటింట్లోకి పోయి, అదే పొయ్యి వెలిగించి, మా అందరికీ వండింది, వడ్డించింది. తను మాత్రం రెండు అరటిపండ్లు తిని, చెంబెడు నీళ్ళు తాగి పడుకుంది. ఇదేం కోపమో నాకు అంతుపట్టలేదు. అలిగిన మనిషి వంట మానెయ్యాలి గదా. ఆత్మకూరులో మా పుట్టింట్లో ఎవరైనా అలిగితే గిన్నెలు వీధిలో పడేవి. ఇక్కడ గిన్నెలన్నీ తళతళా తోమి బోర్లించి ఉంటాయి, మనిషి మాత్రం పూటపూటకూ సగమైపోతోంది.

కారణం నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. మాది ఉదయగిరి బజారులో కిరాణా కొట్టు. చిల్లరా ఉంది, టోకూ ఉంది. సంత రోజు చుట్టుపక్కల పల్లెలన్నీ మా గుమ్మం ముందే ఉంటాయి. ఆ రోజు కొట్టు మూయడమనే మాట మా మామ వీరరాఘవులు దగ్గర ఎవరూ ఎత్తరు. మా పెళ్ళినాడు కూడా తెల్లవారుజామున కొట్టు తలుపు పలక ఒకటి తీసి ఉప్పో పప్పో అమ్మి, ఆ తర్వాతే పెళ్ళిపందిట్లోకి వచ్చినాడని చెప్పుకుంటారు. నేను పీటల మీద ఉన్నాను కాబట్టి చూడలేదు. కానీ నమ్ముతాను.

అట్లాంటి ఒక సంతనాడు పొద్దునే సోమశిల నుంచి మనిషి వచ్చినాడు. అత్త తల్లి కోటమ్మకు ప్రాణం మీదికి వచ్చిందనీ, కూతుర్ని చూడాలని ఒకటే కలవరిస్తున్నదనీ, మధ్యాహ్నం బస్సుకే బయల్దేరమనీ చెప్పినాడు. నా భర్త మల్లికార్జునం సరుకు కోసం నెల్లూరు పోయి ఉన్నాడు. వారంలో సగం రోజులు ఆయన అక్కడే ఉంటాడు. ఆడమనిషిని ఒంటరిగా పంపే ఆచారం మా ఇంట్లో లేదు. మామ త్రాసు వంక చూసినాడు, జనం వంక చూసినాడు. "సంత వదిలి ఎట్లా పోయేది? రేపు తెల్లారి బస్సుకు పోదాం. ముసలామె గట్టిది, ఏం కాదు" అన్నాడు. అత్త అప్పటికే కట్టుకున్న ప్రయాణపు చీర విప్పి, మడిచి, పెట్టెలో పెట్టింది.

మరుసటి రోజు వాళ్ళిద్దరూ ఆత్మకూరు దాకా బస్సులో, అక్కణ్ణించి బండిలో సోమశిల చేరేటప్పటికి, మోసుకుపోయినవాళ్ళు పెన్నలో స్నానాలు చేసి తిరిగి వస్తున్నారు. కడసారి చూపు లేదు. కర్మాంతరాలన్నీ ముగించుకుని ఇంటికి వచ్చిన రోజే ఈ ఒట్టు. ఆ తర్వాత అత్త ఆ సంగతి ఎత్తలేదు. మామ కూడా ఎత్తలేదు. పొరపాటయిందనే మాట ఆయన నోట నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ వినలేదు. తూకంలో తేడా వస్తే సరుకు ఇంకొంచెం పోస్తాడు గానీ, మాట మాత్రం రాదు.

అక్కణ్ణించి మా ఇంట్లో తలా తోకా లేని బాధ మొదలయింది. ఆమె ఏం తినొచ్చు, ఏం తినకూడదు? ఎదురింటి ఆదిశేషమ్మ పప్పన్నం కలిపి తెస్తే, "ఇంట్లో పొయ్యి ఉండగా ఒకరింటి కూడు తినే గతి నాకు పట్టలా" అని పంపేసింది. పాలు కాచిస్తే తాగలేదు. పొయ్యి మీద కాగినాయి గదా. మామ పోయి పురోహితుడు జనార్దనయ్యను అడిగి వచ్చినాడు. నిప్పు తగిలినదల్లా వంట కిందికి వస్తుందనీ, తగలనిది ఫలాహారమనీ ఆయన చెప్పినాడట. ఆదిశేషమ్మేమో నిప్పుతో పనిలేదనీ, ఉప్పు తగిలితే అది భోజనమేననీ వాదించింది. నాకు ఒట్టి అయోమయం. ఉప్పు లేకుండా, నిప్పు లేకుండా ఒక మనిషి ఎన్నాళ్ళు బతుకుతుంది? ఈ మాట వాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. ధర్మం చెప్పేవాళ్ళందరూ కడుపు నిండా తినే చెప్పినారు.

ఆ మధ్య అన్న కొడుక్కి అన్నప్రాశన అని ఆత్మకూరు పోయినాను. అక్కడ మా పుట్టింటి వీధి చివర ప్రేమానందం ఉంటాడు. చాలాకాలం ఎవరో దొరసాని బంగళాలో వంట చేసి వచ్చిన మనిషి. మా అత్త సంగతి విని ఆయన తేలిగ్గా నవ్వినాడు. "దానికేముందమ్మా, సలాడు చేసి పెట్టండి. పచ్చి కూరగాయలు సన్నగా తరిగి, నానిన పప్పు కలిపి, నిమ్మకాయ పిండితే అయిపోయె. మా దొరసానికి మధ్యాహ్నం అదే భోజనం. ఇంకేమీ తినేది కాదు" అన్నాడు.

"అన్నం?" అన్నాను.

"అన్నం లేదు. అదే అన్నం."

"మరి కూర?"

"అదే కూర గదమ్మా."

నాకు బుర్ర తిరిగింది. శ్రీరామనవమికి మనమూ వడపప్పు చేస్తాం. చేతిలో ఇంత పెడితే నోట్లో వేసుకుంటాం, దాన్ని భోజనమని ఎవరంటారు? "పైన ఉడికిన గుడ్డు తరిగి పెట్టేవాణ్ణి" అని ఆయన ఇంకా ఏదో చెప్పబోతే, "గుడ్డు మాట మా ఇంట్లో ఎత్తొద్దు నాయనా, ఉన్న గొడవ చాలు" అని దండం పెట్టి వచ్చేసినాను. ఉదయగిరి చేరినాక ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పేది? దొరసాని తిండి మన అత్తకు పెడదామంటే నన్ను పిచ్చిదాని కింద కట్టేస్తారు.

తర్వాత వచ్చిన సంతనాడు అత్త బావి దగ్గర పడిపోయింది. చేద లాగుతూ లాగుతూ అట్లానే కూలబడింది. నేను పరుగెత్తి పట్టుకున్నాను. ఆమె చెయ్యి నా భుజం మీద వేసుకుంటే బరువే లేదు. లోపలికి తెచ్చి చాప మీద పడుకోబెట్టి, ముఖం మీద నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచింది. "ఏం లేదు, కాస్త కళ్ళు తిరిగినాయి. పొయ్యి ముట్టించు, మీ మామకు ఆలస్యమవుతాది" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆమె మీదా, ఆయన మీదా, ఉప్పు మీదా, నిప్పు మీదా, అందరి మీదా వచ్చింది. ఈమె ఇట్లానే నా కళ్ళముందు పోతుందని ఆ క్షణాన నాకు గట్టిగా తోచింది.

పెరటి తలుపు గుండా కొట్లోకి పోయినాను. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. మామ మిరపకాయలు తూస్తున్నాడు. మామూలుగా నేను జనం ఉన్నప్పుడు కొట్లోకి అడుగు పెట్టను. ఆ రోజు అవన్నీ గుర్తు లేవు.

"మామా, అత్త పడిపోయింది. ఇంక ఆమె ఎన్నాళ్ళో ఉండదు. మీకు చేతనైతే ఏదన్నా చెయ్యండి, లేకపోతే సోమశిలకు మనిషిని పంపండి, ఈసారి ఈమె కోసం" అన్నాను. నోరు జారినానని తెలుసు. జారనీ అనుకున్నాను. వెంటనే ప్రేమానందం చెప్పిన సలాడు సంగతి కూడా ఒక్క గుక్కలో చెప్పేసినాను.

ఆయన నా ముఖం వంక చూసినాడు. చేతిలో మిరపకాయలు గోతాంలో పడేసి, ఉత్తరీయంతో చేతులు తుడుచుకున్నాడు. "పొండి, అందరూ పొండి" అన్నాడు జనంతో. పలకలు ఒక్కొక్కటే మూసి, తాళం వేసి, నా వెనకే వంటింట్లోకి వచ్చినాడు. బయట ఎవరో "ఏమైంది శెట్టీ" అని అరుస్తున్నారు. ఆయనకు వినిపించినట్టు లేదు.

"ఏమేం కావాలో చెప్పు" అన్నాడు.

మామ వంటింట్లోకి రావడమే నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఎక్కడ కూర్చోవాలో తెలియక పొయ్యికి ఎదురుగా కూర్చున్నాడు. వెంటనే ఏదో గుర్తొచ్చినవాడిలా లేచి, దానికి వీపు చేసి కూర్చున్నాడు. "పొయ్యి ముట్టించొద్దు. ఈ పొద్దు ఎవరికీ వంట వద్దు. ఆ సందేహమే ఉండకూడదు" అన్నాడు. సరే అన్నాను. పెసరపప్పు నానబోసినాను. దోసకాయలు, లేత మామిడికాయలు, కొబ్బరికాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర ముందు పెట్టినాను. తరిగినాక కలపడమే గదా, ఎంతసేపు పని అనుకున్నాను. మా మామ సంగతి నాకు తెలియక.

ఇంత పసుపు వేద్దామని డబ్బా తీసినాను. "పసుపు వద్దు. కొమ్ములు ఉడకబెట్టి ఎండేస్తారు. నేను చూసినాను" అన్నాడు.

మామిడి పులుపుకు విరుగుడుగా బెల్లం ముక్క తెచ్చినాను. "బెల్లం పాకం గదా, నిప్పు మీదే కాగేది" అన్నాడు.

"అత్త ఒట్టు వేసింది మన పొయ్యి మీద గదా మామా, బెల్లం మన పొయ్యి మీద కాగలేదు."

"జనార్దనయ్య నిప్పు అన్నాడు. ఏ పొయ్యి నిప్పో ఆయన చెప్పలా. మనకెందుకు వచ్చిన తంటా, తీసెయ్" అన్నాడు.

వేయించిన శనగపప్పు పోయింది. అటుకులు పోయినాయి. పెరుగు నేనే అడగలేదు, కాచిన పాలే గదా అని ముందే తెలిసిపోయింది. ఇంగువ దగ్గర ఆయన చాలాసేపు ఆగిపోయినాడు. "ఇది ఎక్కడో కాబూలు నుంచి వస్తాది. వాళ్ళు దాన్ని ఏం చేస్తారో మనకు తెలవదు" అని డబ్బా మూత పెట్టి, మళ్ళీ తీసి వాసన చూసి, మళ్ళీ మూసినాడు. తాలింపు ఎట్లాగూ లేదు. ఆవాలు పచ్చివే నూరి వేద్దామంటే ఒప్పుకున్నాడు. నువ్వుల నూనె గానుగలో ఎద్దు తిప్పింది గాబట్టి బతికిపోయింది. ఉప్పు ఎండకు అయింది గనక అదీ బతికింది. కొట్లో ఇన్నేళ్ళు అమ్మిన సరుకును ఆయన అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ప్రతి డబ్బా ముందూ నిలబడిపోతున్నాడు. నాకేమో ఏది వంటో ఏది వంట కాదో పూర్తిగా కలగాపులగమైపోయింది.

కలపడానికి ఇత్తడి గిన్నె తీస్తే, "దీన్ని దేంతో తోమినావు?" అన్నాడు.

"బూడిదతో."

"బూడిద పొయ్యిలోదే గదా."

ఇంక నాకు తిక్క రేగింది. "అట్లా చూస్తే కత్తిపీట కూడా కమ్మరి కొలిమిలో కాలిందే మామా. గోళ్ళతో గిల్లుదామా దోసకాయల్ని?" అన్నాను.

వెటకారమని ఆయనకు తోచలేదు. చేతిలో దోసకాయ పట్టుకుని కత్తిపీట వంక నిజంగానే అనుమానంగా చూస్తూ ఉండిపోయినాడు. "ఇప్పుడు ఏం చేద్దాం?" అన్నాడు నాతో. బజారులో అందరికీ దారి చెప్పే మనిషి, కోడల్ని పట్టుకుని ఏం చేద్దామని అడుగుతున్నాడు. ఆ ముఖం చూసి నా కోపం దిగిపోయింది. జాలేసింది. "ఏం కాదు మామా. ఇనుము తినం గదా. తరగండి" అన్నాను. గిన్నె మాత్రం చింతపండు పెట్టి మళ్ళీ తోమినాను, ఆయన మనసు కోసం.

తరిగినాడు. ఒక ముక్క పిడికెడంత, ఒకటి పొట్టులాగా. ప్రతి దోసకాయా చేదు చూసుకుంటూ, చేదుగా ఉన్నది పక్కన పెడుతూ, చెమటలు కారుతుంటే తుడుచుకుంటూ తరిగినాడు. కొబ్బరి నేను కోరబోతే నా చేతిలోంచి తీసుకుని తనే కోరినాడు. నేను ఆవాలు నూరినాను. అన్నీ గిన్నెలో పోసి, నిమ్మకాయ పిండి, కలిపితే గిన్నె నిండింది. పచ్చగా, తెల్లగా చూడ్డానికి బాగానే ఉంది. కానీ దీన్ని చూసి ఎవరైనా "భోజనానికి రండి" అని పిలుస్తారా? నాకైతే ధైర్యం చాలలేదు. విస్తరాకు వేసి, ఒక పెద్ద కుప్ప పెట్టి, అట్లానే నిలబడినాను.

చప్పుడుకు అత్త లేచినట్టుంది. గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పొయ్యి చల్లగా ఉంది, నేల మీద తొక్కలు, మధ్యలో మామ.

"ఇదేంది?" అంది.

"సలాడు అత్తా" అన్నాను. ఆ ముక్క ఆమెకు ఏం తెలుస్తుంది? గబగబా అంతా అప్పగించినాను. నిప్పు తగల్లేదనీ, పసుపు వెయ్యలేదనీ, బెల్లం వెయ్యలేదనీ, పొయ్యే ముట్టించలేదనీ, మామే తరిగినాడనీ, ఒట్టు చెడదనీ, తింటే పూట గడుస్తుందనీ చెప్పినాను. చెబుతున్నకొద్దీ నాకే అదంతా వెర్రిగా వినిపించింది. అత్త ఆకు వంక చూడటం లేదు. మామ చేతులకు అంటిన కొబ్బరి వంక చూస్తోంది.

"కొట్లో ఎవరుండారు?" అని అడిగింది.

"తాళం వేసినాను" అన్నాడు మామ.

"ఈ పొద్దు సంత గదా."

"సంతే."

అత్త మెల్లగా పీట మీద కూర్చుంది. "అయితే సంతనాడూ తాళం వెయ్యొచ్చునన్నమాట" అంది.

గొంతు పెంచలేదు. నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె సంతోషిస్తుందని కాచుకుని ఉన్నాను నేను. సంతనాడు కొట్టు మూసి ఆయన దోసకాయలు తరిగితే ఏ పెళ్ళామైనా సంతోషిస్తుంది గదా. మరి ఆమె ముఖం ఎందుకట్లా అయింది? మామ వంక చూసినాను. ఆయన ముఖంలో రక్తం లేదు. తాళం వేసింది చెయ్యే గానీ, వేసినట్టు ఆయన మనసుకు అప్పుడే తెలిసిందనుకుంటాను.

"వెయ్యొచ్చు" అన్నాడు. "ఆ పొద్దు కూడా వెయ్యొచ్చు. నేనే వెయ్యలా. తప్పు నాదే, సుబ్బమ్మా."

మా ఇంట్లో ఆయన అత్తను పేరు పెట్టి పిలవడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. అత్త తల వంచుకుని విస్తరాకు అంచు సవరిస్తూ ఉంది.

"మా అమ్మ కడాకు ఏమడిగిందో మీకు తెలవదు" అంది. "ఎవరికీ చెప్పలేదు నేను. మా వదిన చెప్పింది. సాయంకాలం దాకా మాట ఉండిందంట. బండి చప్పుడైనప్పుడల్లా తల తిప్పిందంట. నేను వచ్చినానా అని అడగలా. అల్లుడు వచ్చినాడా అని అడిగిందంట. ‘ఆయన తీసుకొస్తాడులే. నా కూతుర్ని ఇచ్చేటప్పుడు నాకు మాటిచ్చినాడు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు తెస్తానని. మాట తప్పే మనిషి కాదు’ అనిందంట. అదే కడపటి మాట."

మామ ఉత్తరీయం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను వాళ్ళిద్దరి మధ్య గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను. బయటికి పోవాలో ఉండాలో తెలియలేదు. ఏడవాలో ఊరుకోవాలో కూడా తెలియలేదు. నెలకు పైగా ఆమె మింగకుండా పెట్టుకున్నది ఇదా? దీన్ని ఎవరికీ చెప్పకుండా మాకు రోజూ అన్నం వడ్డించిందా? 

అత్త ఆకులోంచి ఒక పిడికెడు తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది. మింగి, "ఆవ ఎక్కువైంది" అంది. ఇంకొక పిడికెడు తిని, చెయ్యి ఆకులోనే ఉంచి, నా వంక తిరిగింది.

"వసంతా, పొయ్యి ముట్టించి ఎసరు పెట్టు. ఆకలేస్తా ఉండాది నాకు."

నేను విన్నది నిజమేనా అనిపించింది. మామ ముఖం మీది ఉత్తరీయం తీసి, ఆమె వంక, నా వంక, నిండుగా ఉన్న ఇత్తడి గిన్నె వంక చూసినాడు. ఆయనకూ ఏమీ అర్థమైనట్టు లేదు. "మరి ఇదంతా?" అన్నాడు.

"మీరు తినండి" అంది అత్త, తన ఆకు ఆయన ముందుకు జరిపి. "నెల రోజులు నేను తిన్నాను పచ్చివి."

నేను పుల్లలు ఎగదోసి బియ్యం కడిగినాను. ఆ తొందరలో సగం బియ్యం నీళ్ళతోపాటే పోయింది. వెనక్కి తిరిగి చూస్తే మామ ఆమె ఎంగిలి ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, పిడికెడు తర్వాత పిడికెడు తింటున్నాడు. వీధి తలుపు ఎవరో దబదబా బాదుతున్నారు, కొండాపురం నుంచి వచ్చినామనీ, బస్సు పోతుందనీ, తలుపు తీయమనీ అరుస్తున్నారు. అన్నం ఉడికి, అత్తకు వడ్డించేదాకా ఆయన అక్కణ్ణించి లేవలేదు.